బీఏ హిస్టరీకి తక్కువ ఖర్చులో మంచి కాలేజీ వెతుక్కోవడం ఎలా? గోదావరి జిల్లాల పిల్లలకీ, తల్లిదండ్రులకీ

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. "మా అమ్మాయి హిస్టరీయే చదువుతానంటోందండీ, ఎక్కడ చేర్పించమంటారు, ఎంతవుతుంది?" అమలాపురం నుంచీ అదే, తణుకు నుంచీ అదే, మండపేట నుంచీ అదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను. నిదానంగా చదవండి, ముఖ్యంగా 5వ మెట్టు.

ముందే ఒక మాట. ఇంజినీరింగ్ కాలేజీని ఎంచే పద్ధతిలో హిస్టరీ కాలేజీని ఎంచకండి. ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలు, ఏసీ ల్యాబులు, పసుపు బస్సులు ఇక్కడ లెక్కలోకి రావు. హిస్టరీకి కావలసినవి మూడే: పాఠం చెప్పే మనిషి, పుస్తకాలున్న లైబ్రరీ, నిజంగా జరిగే క్లాసు. మన వైపు ఈ మూడూ ఎక్కువగా ఉండేది ఫీజు తక్కువున్న పాత కాలేజీల్లోనే. తక్కువ ఫీజు అంటే తక్కువ చదువు అనే భయం ఈ సబ్జెక్టు వరకూ పెట్టుకోనక్కర్లేదు. కానీ కళ్ళతో చూడకుండా ఏ కాలేజీనీ నమ్మకండి, అది ప్రభుత్వానిదైనా సరే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు, టీసీ
- 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు
- కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు (ఓసీల్లో అర్హత ఉంటే ఈడబ్ల్యూఎస్)
- ఆధార్, దానికి లింకైన బ్యాంకు ఖాతా, విద్యార్థి పేరు మీదే
- ఇంట్లోవాళ్ళ దగ్గరుండే ఫోన్ నంబరు (నెట్ సెంటర్ వాళ్ళది కాదు)
- ఒక నోట్‌బుక్కు

ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. స్కాలర్‌షిప్ ఆగిపోయేది చాలాసార్లు అక్కడే.

1. ఈ డిగ్రీ తర్వాత ఏం చేయాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

స్కూల్లో సోషల్ టీచర్ అవ్వాలా? అయితే బీఏ తర్వాత ఎడ్‌సెట్ రాసి బీఈడీ, ఆపైన టెట్, డీఎస్సీ. గ్రూప్స్ రాయాలా? డిగ్రీ ఏదైనా రాయొచ్చు, అయితే గ్రూప్ 1, గ్రూప్ 2 సిలబస్‌లో ఆంధ్రప్రదేశ్ చరిత్ర ఉంది కాబట్టి ఈ చదువు అక్కరకొస్తుంది. ఎంఏ, లెక్చరర్ ఉద్యోగం, పరిశోధన, పురావస్తు శాఖ అనుకుంటే మాత్రం హిస్టరీ మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా) ఉండడం మంచిది, లైబ్రరీ బాగుండాలి, ఇంగ్లీషులో రాయడం నేర్పేవాళ్ళు ఉండాలి. మీ దారిని బట్టి కింద చెప్పే వాటిలో దేనికి ఎక్కువ బరువివ్వాలో మారుతుంది. ఇంకా తేలకపోతే కంగారేం లేదు, హిస్టరీ మేజర్ తీసుకుంటే మూడు దారులూ తెరిచే ఉంటాయి.

2. జాబితా వేయండి, కనీసం ఐదు కాలేజీలు

రాష్ట్రంలో డిగ్రీ సీట్లు ఉన్నత విద్యామండలి నడిపే ఓఏఎండీసీ ఆన్‌లైన్ పద్ధతిలో భర్తీ అవుతున్నాయి. అందులో ఏ కాలేజీలో ఏ మేజర్ ఉందో కనిపిస్తుంది. పక్కింటి వాళ్ళ మాట మీద ఆధారపడకుండా ఈ ఏడాది జాబితాలో మీరే చూడండి, ఎందుకంటే పోయినేడు ఉన్న హిస్టరీ ఈ ఏడు ఉండకపోవచ్చు. చేరేవాళ్ళు తక్కువైతే సెక్షన్ ఎత్తేస్తారు.

పాతకాలపు హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్) గుర్తుపెట్టుకుని అదే అడిగే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. 2023-24లో ఆ పద్ధతి పోయి మేజర్, మైనర్ వచ్చాయి. మూడేళ్ళకి బీఏ, నాలుగో ఏడు కూడా చదివితే ఆనర్స్. నిబంధనలు ఏటా సవరిస్తున్నారు కాబట్టి మీరు చేరే ఏడాది సమాచార పుస్తకమే ప్రమాణం.

జాబితాలోకి మొదట ఇలాంటి కాలేజీల్ని తీసుకోండి: రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ, కాకినాడ పిఠాపురం రాజా ప్రభుత్వ కాలేజీ (రెండూ పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్నవి, రెండూ అటానమస్, అంటే సిలబస్, పరీక్షలు సొంతంగా నడుపుకునేవి), అమ్మాయిలకైతే కాకినాడ ఏఎస్‌డీ మహిళా డిగ్రీ కాలేజీ. వాటి తర్వాతి తరం పాత కాలేజీలు, అమలాపురం ఎస్‌కేబీఆర్, భీమవరం డీఎన్నార్, నరసాపురం వైఎన్, ఏలూరు సీఆర్ రెడ్డి. ఆపైన రావులపాలెం, రాజోలు లాంటి చోట్ల ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు. వీటన్నిట్లో హిస్టరీ మేజర్ ఉంటుందని నేను చెప్పడం లేదు, వెతకడం ఇక్కడ మొదలుపెట్టమంటున్నాను.

ఎయిడెడ్ (ప్రైవేటు యాజమాన్యం, లెక్చరర్ల జీతాలు ప్రభుత్వానివి) అన్న పేరు చూసి నిశ్చింతగా ఉండకండి. 2021లో చాలా ఎయిడెడ్ కాలేజీలు తమ ఎయిడెడ్ పోస్టుల్ని ప్రభుత్వానికి అప్పగించాయి, ఆ లెక్చరర్లు ప్రభుత్వ కాలేజీలకి వెళ్ళిపోయారు. పేరు అదే, భవనం అదే, పాఠం చెప్పేవాళ్ళు మారారు.

యానాం దగ్గర్లో ఉన్నవాళ్ళకి ఒక మాట. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ పాండిచ్చేరి యూనివర్సిటీ కిందిది, ఓఏఎండీసీలో కనిపించదు. దాని ప్రవేశాలు, రిజర్వేషన్లు వేరు, ఆంధ్రా ఫీజు పథకాలు అక్కడ వర్తిస్తాయనుకుని వెళ్ళకండి.

3. ఫీజు ఒక్కటే చూడకండి, ఏడాది మొత్తం ఖర్చు వేయండి

నోట్‌బుక్కు తీసింది ఇందుకే. ప్రతి కాలేజీకీ ఒక పేజీ: ట్యూషన్ ఫీజు, స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజు (ఏడాదికి రెండు సెమిస్టర్లు, మర్చిపోవద్దు), బస్సు, మధ్యాహ్నం తిండి, హాస్టల్ అయితే మెస్సు, పుస్తకాలు.

ఒక లెక్క చూపిస్తాను, అంకెలు ఉదాహరణకే. ఊళ్ళో ప్రైవేటు కాలేజీకి ఫీజు 15,000, పరీక్షలూ ఇతరాలూ 3,000, మొత్తం 18,000. దూరంగా ఉన్న ప్రభుత్వ కాలేజీకి అన్నీ కలిపి ఫీజు 4,000, బస్ పాసు పది నెలలకి 6,000, మధ్యాహ్నం తిండి 6,000, మొత్తం 16,000. తేడా రెండు వేలే. ఇలాంటప్పుడు ఖర్చు పక్కన పెట్టి చదువు ఎక్కడ బాగుందో చూడాలి. అదే అమ్మాయి అయితే, 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా వెళ్ళొచ్చు, దూరపు కాలేజీ ఖర్చు ఒక్కసారిగా 10,000కి దిగుతుంది. ఇదివరకు "ఆడపిల్లని అంత దూరం ఎలా పంపుతాం, ఛార్జీలే తడిసి మోపెడవుతాయి" అని పక్కన పెట్టేసిన కాలేజీల్ని మళ్ళీ లెక్కలోకి తీసుకోండి.

అయితే రోజుకి రానూ పోనూ నాలుగు గంటలు బస్సులోనే గడిస్తే లైబ్రరీలో కూర్చునే టైమ్ ఉండదు. అలా అయితే సంక్షేమ హాస్టళ్ళ సంగతి చూడండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకి డిగ్రీ స్థాయి ప్రభుత్వ హాస్టళ్ళు ఉన్నాయి. కాలేజీలో సీటు వచ్చిన రోజే వార్డెన్‌ని కలవండి, ఆలస్యమైతే ఖాళీలుండవు.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాలోనో, చివర్లో స్పాట్‌లోనో చేరితే ఈ డబ్బు రాకపోవచ్చు. "ముందు చేరండి, స్కాలర్‌షిప్ సంగతి తర్వాత మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే, మీ సీటు కన్వీనర్ కోటాలో (ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో వచ్చే కోటా) ఉందని కాగితం చూపించమనండి. ఇంకోటి, ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే మధ్యలో మిమ్మల్ని కట్టమంటారా, కట్టకపోతే హాల్ టికెట్ ఆపుతారా? ఈ ప్రశ్న ఆఫీసులో అడగండి, బయట సీనియర్లని కూడా అడగండి. రెండు జవాబులూ కలవాలి.

4. కాగితం మీద నాణ్యత, అరగంట పని

న్యాక్ (కాలేజీల నాణ్యతని చూసి గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ) గ్రేడు చూడండి. ఏ డబుల్ ప్లస్ అన్నిటికంటే పైది, తర్వాత ఏ ప్లస్, ఏ, బీ డబుల్ ప్లస్, అలా కిందికి. మామూలుగా గ్రేడు ఐదేళ్ళకే చెల్లుతుంది. గేటు మీద గ్రేడు పెద్దగా రాస్తారు, ఏ సంవత్సరంలో వచ్చిందో మాత్రం మీరే వెతుక్కోవాలి. అది కాలేజీ మొత్తానికి ఇచ్చిన గ్రేడు అని కూడా గుర్తుంచుకోండి, కెమిస్ట్రీ ల్యాబు బాగున్నంత మాత్రాన హిస్టరీ బాగున్నట్టు కాదు.

అంతకంటే పనికొచ్చేది న్యాక్‌కి కాలేజీ ఇచ్చిన సెల్ఫ్ స్టడీ రిపోర్టు. కాలేజీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. వందల పేజీలు, అన్నీ చదవక్కర్లేదు. రెండో ప్రమాణంలో అధ్యాపకుల వివరాలు, నాలుగో ప్రమాణంలో లైబ్రరీ, ఐదో ప్రమాణంలో పైచదువులకి వెళ్ళినవాళ్ళ సంగతి ఉంటాయి. ఆ మూడు చోట్లా హిస్టరీ కోసం వెతకండి. వెబ్‌సైట్‌లో హిస్టరీ శాఖ పేజీయే లేకపోతే అనుమానించండి, అయితే కొట్టేయకండి. మంచి లెక్చరర్లుండి వెబ్‌సైట్ పట్టించుకోని ప్రభుత్వ కాలేజీలు ఉన్నాయి.

5. కాలేజీకి వెళ్ళండి, మామూలు పనిరోజున, చెప్పకుండా

అడ్మిషన్ల వేళ వెళ్తే కుర్చీ వేసి మంచినీళ్ళిస్తారు, ఏమీ తెలియదు. వీలైతే ఇంటర్ రెండో ఏడు చదువుతుండగానే, క్లాసులు జరిగే రోజుల్లో ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్ళండి. ఆ అవకాశం దాటిపోతే రెండో, మూడో ఏడాది క్లాసులు నడిచే రోజు చూసుకోండి.

ముందు హిస్టరీ డిపార్ట్‌మెంట్ ఎక్కడ అని అటెండర్ని అడగండి. చటుక్కున చెయ్యి చూపిస్తే ఒక లెక్క, "హిస్టరీయా..." అని ఆలోచనలో పడితే ఇంకో లెక్క. అక్కడ గోడ మీద టైమ్‌టేబుల్ ఉంటుంది. ఆ గంటకి హిస్టరీ అని రాసి ఉన్న గదికి వెళ్ళి చూడండి. క్లాసు జరుగుతోందా? ఎంతమంది ఉన్నారు? పదిమందే ఉన్నా ఫర్వాలేదు, పాఠం జరుగుతుంటే చాలు. పదిమంది క్లాసులో ప్రతి పిల్లవాడినీ పేరు పెట్టి పిలిచి ప్రశ్న అడిగే లెక్చరర్ దొరికితే వదులుకోకండి.

అక్కణ్ణుంచి లైబ్రరీ. ఇది తప్పనిసరి. చరిత్ర బీరువా ఎక్కడో అడిగి, మూడు నాలుగు పుస్తకాలు తీసి వెనక అట్ట లోపలి కాగితం చూడండి. గడువు తేదీలు స్టాంపు వేసే చీటీ ఉంటుంది. చివరి స్టాంపు పోయిన నెలదైతే పిల్లలు చదువుతున్నారు. ఐదారేళ్ళ కిందటిదైతే, బీరువా నిండా ఎన్ని పుస్తకాలున్నా ఎవరూ ముట్టుకోవడం లేదు. కొన్ని చోట్ల ఇప్పుడు కంప్యూటర్‌లో ఎక్కిస్తున్నారు, అప్పుడు చీటీ ఖాళీగా ఉంటుంది, హిస్టరీ పిల్లలు ఈ నెల ఏం తీసుకెళ్ళారో చూపించమని లైబ్రేరియన్నే అడగండి. బీరువాకి తాళం వేసి ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడగండి. "సారు వచ్చాక" అంటే మీ నోట్‌బుక్కులో ఒక గుర్తు పెట్టుకోండి. గైడ్లు, బిట్ బ్యాంకులు కాకుండా తెలుగు అకాడమీ పుస్తకాలు, శాసన సంపుటాలు, జిల్లా గెజిటీర్ లాంటివి కనిపిస్తే ఆ శాఖలో ఎప్పుడో ఒకప్పుడు శ్రద్ధ ఉన్నవాళ్ళు పనిచేశారని అర్థం.

తర్వాత లెక్చరర్ని కలవండి. ఇవి అడగండి:

- హిస్టరీకి రెగ్యులర్ లెక్చరర్లు ఎంతమంది, కాంట్రాక్టు, గెస్ట్ ఎంతమంది? గెస్ట్ అంటే తక్కువ అని కాదు, నా అనుభవంలో చాలామంది ప్రాణం పెట్టి చెబుతారు. కానీ మధ్యలో మారిపోతే సిలబస్ ఆగిపోతుంది.
- పాలిటిక్స్ లెక్చరరే హిస్టరీ కూడా చెబుతున్నారా?
- నాలుగో ఏడు ఆనర్స్ ఇక్కడ ఉందా?
- కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకీ, ఇంటర్న్‌షిప్‌కీ హిస్టరీ పిల్లల్ని ఎక్కడికి పంపారు?
- పోయినేడు పిల్లల్ని చూపించడానికి ఎక్కడికి తీసుకెళ్ళారు?

చివరి ప్రశ్న నాకు చాలా ఇష్టం. మన చుట్టూ ఏమున్నాయో చూడండి. ద్రాక్షారామం గుడి గోడల నిండా శాసనాలు, బిక్కవోలులో తూర్పు చాళుక్యుల గుళ్ళు, కోనసీమలో ఆదుర్రు బౌద్ధ స్తూపం, ఏలూరు వైపు గుంటుపల్లి గుహలు, వేంగి రాజధానిగా చెప్పే పెదవేగి, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, రాజమండ్రిలో రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం, గౌతమీ గ్రంథాలయం. డచ్చివాళ్ళు పాలకొల్లులో, ఫ్రెంచివాళ్ళు యానాంలో వ్యాపారం చేశారు. ఇంత దగ్గర్లో ఇన్ని ఉండగా మూడేళ్ళలో ఒక్కచోటికీ తీసుకెళ్ళని శాఖ గురించి ఇంకేం అడగక్కర్లేదు.

ఆఖరున గేటు బయట, టీ కొట్టు దగ్గరో బస్టాపు దగ్గరో, రెండో ఏడాది పిల్లలతో మాట్లాడండి. "కాలేజీ బాగుందా?" అని అడిగితే "బాగుందండీ" అంటారు, అంతే. "నిన్న హిస్టరీలో ఏ పాఠం చెప్పారు?" అని అడగండి. జవాబు వెంటనే వస్తే క్లాసులు జరుగుతున్నట్టే.

6. తెలుగు మీడియం నుంచి వచ్చారా?

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సుల్ని ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. చాలామంది పిల్లల టెన్షన్ ఇదే, దీనికి భయపడి మంచి కాలేజీ వదులుకుంటున్నారు. లెక్చరర్ని సూటిగా అడగండి, పాఠం తెలుగులో వివరిస్తారా, పరీక్ష తెలుగులో రాయనిస్తారా అని. ఇంట్లో తెలుగు అకాడమీ పుస్తకం ముందు చదివి, అదే పాఠం ఇంగ్లీషులో ఇగ్నో (దూరవిద్య నడిపే కేంద్ర యూనివర్సిటీ) వెబ్‌సైట్ ఈజ్ఞానకోశ్‌లో చదవండి. అందులో పాఠాలు ఉచితం, ఎవరైనా తెరవొచ్చు. మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుంది. రోజూ ఒక పేజీ ఇంగ్లీషులో సొంతంగా రాస్తే రెండో ఏడాదికి చేయి తిరుగుతుంది.

7. ఆప్షన్లు మీరే పెట్టండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఫలితాలు రాకముందే కొన్ని కాలేజీల తరఫున మనుషులు ఇళ్ళ చుట్టూ తిరుగుతారు. హాల్ టికెట్ నంబరు, ఆధార్, ఓటీపీ తీసుకుని "మేమే అప్లై చేసేస్తాం, మీకెందుకు శ్రమ" అంటారు. తర్వాత చూస్తే ఒకే కాలేజీ పేరు మీద ఆప్షన్ ఉంటుంది, మేజర్ కూడా హిస్టరీ కాదు. ఎంత తెలిసినవాళ్ళైనా సరే ఓటీపీ చెప్పకండి, పాస్‌వర్డ్ ఇవ్వకండి.

నెట్ సెంటర్‌కి వెళ్ళినా పక్కన కూర్చుని పెట్టించుకోండి. ముందు నోట్‌బుక్కులో వరుస రాసుకోండి: మీకు అన్నిటికంటే ఇష్టమైనది మొదట, "ఇక్కడ రాదేమో" అనుకున్నా సరే. రాకపోతే రెండోది చూస్తారు, నష్టమేం లేదు. ఒక్క ఆప్షనే పెట్టడం, కాలేజీ సరిగ్గా పెట్టి మేజర్ తప్పు నొక్కడం, సేవ్ చేసి ప్రింటు తీసుకోకపోవడం, ఈ మూడూ ఏటా జరిగే పొరపాట్లే. ప్రింటు తీసుకుని కాలేజీ పేరు, మేజర్ పేరు వేలు పెట్టి చదవండి.

హిస్టరీ మేజర్ దొరక్కపోతే? పాలిటిక్స్ లేదా ఎకనామిక్స్ మేజర్, హిస్టరీ మైనర్ దొరుకుతుందేమో చూడండి. గ్రూప్స్ వాళ్ళకి ఇది చక్కగా సరిపోతుంది. ఎంఏ హిస్టరీ ఆలోచన ఉంటే మాత్రం పీజీ సెట్ (ఎంఏ ప్రవేశ పరీక్ష) నోటిఫికేషన్‌లో అర్హత చదివాకే ఒప్పుకోండి.

8. బయటికి వెళ్ళగలిగినవాళ్ళకీ, అసలు వెళ్ళలేనివాళ్ళకీ

మార్కులు బాగుండి, ఇల్లు వదిలి ఉండగలిగితే సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏ, బనారస్, ఢిల్లీ యూనివర్సిటీల్లో బీఏ సీట్లు దీంతోనే. తెలుగులో కూడా రాయొచ్చు. ఫీజు మన ఊళ్ళో ప్రైవేటు కాలేజీ కంటే తక్కువైనా కావచ్చు, హాస్టల్, రైలు ఖర్చు మాత్రం కలపండి. దరఖాస్తు గడువు ఇంటర్ ఫలితాల కంటే ముందే అయిపోతుంది, ఫలితాలు చూసి అడిగేవాళ్ళకి ఆ ఏడాదికి చెప్పేదేమీ ఉండదు.

పనిచేస్తూ చదవాలంటే ఇగ్నోలో బీఏ ఆనర్స్ హిస్టరీ ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్య 1972 నుంచి నడుస్తోంది. ఏ దూరవిద్య కోర్సైనా యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) దూరవిద్యా విభాగం అనుమతి ఆ ఏడాదికి, ఆ కోర్సుకి ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి. క్లాసులు లేకుండా డిగ్రీ చేతికిస్తామనే వాళ్ళ దగ్గరికి వెళ్ళనే వద్దు.

9. చేరిన నెలకి సరిచూసుకోండి

సీటు వచ్చింది, చేరారు. పని అయిపోలేదు. నెల తిరిగేసరికి ఇవి చూడండి:

- టైమ్‌టేబుల్‌లో ఉన్న హిస్టరీ క్లాసుల్లో ఎన్ని జరిగాయి? పిల్లలు రోజూ తేదీ వేసి పాఠం పేరు రాసుకుంటే చాలు. సగం కూడా జరగకపోతే నలుగురు కలిసి ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.
- లైబ్రరీ కార్డు వచ్చిందా, ఒక్క పుస్తకమైనా ఇంటికి తెచ్చారా?
- కాలేజీ రికార్డుల్లో మేజర్ హిస్టరీ అనే ఉందా? "హిస్టరీలో జనం లేరు, కంప్యూటర్స్‌లోకి మారండి" అని ఒత్తిడి చేస్తే వెంటనే సంతకం పెట్టకండి. తర్వాతి విడత కౌన్సెలింగ్ ఉందేమో, ఇంకో కాలేజీలో హిస్టరీ ఖాళీ ఉందేమో చూడండి.
- స్కాలర్‌షిప్ దరఖాస్తు పోర్టల్లో పడిందా, బయోమెట్రిక్ అయిందా, ఖాతాకి ఆధార్ సీడింగ్ ఉందా?

మారాలనుకుంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వం అని కొన్ని కాలేజీలు మొండికేస్తాయి, మూడేళ్ళ ఫీజు కట్టమంటాయి. ఒరిజినల్స్ పరిశీలించి తిరిగి ఇచ్చేయాలనీ, దగ్గర పెట్టుకోకూడదనీ యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది, ఫీజు వాపసు గురించి కూడా అందులోనే ఉంది. దాని ప్రతి ఒకటి ప్రింటు తీసుకుని వెళ్ళండి, నోటితో అడగకుండా దరఖాస్తు రాసి ఇవ్వండి, రెండో కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోండి. చేరే రోజున కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకుని ఉంటే ఈ పని సగం సులువవుతుంది.